షుగర్ మాత్ర మానేసి 'గట్ పౌడర్' తాగొచ్చా? పేగుల్లోని బ్యాక్టీరియా గురించి పరిశోధనలు నిజంగా చెబుతున్నదేమిటి

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో షుగర్ గురించిన ఫార్వర్డులు కొత్తేమీ కాదు. ఇన్నాళ్లూ కాకరకాయ రసం, నానబెట్టిన మెంతులు, కలోంజీ నూనె తిరిగేవి. ఇప్పుడు వాటి పక్కన 'గట్ బ్యాక్టీరియా' వచ్చి చేరింది. షుగర్ జబ్బుకు మూలం పేగుల్లోనే ఉందని, పేగులు బాగుచేసుకుంటే మాత్రలతో పనే లేదని వీడియోలో ఒకాయన ధీమాగా చెబుతాడు. కింద ఒక పొడి డబ్బా లింకు ఉంటుంది. మూడు నెలల కోర్సు, ఇవాళ కొంటే డిస్కౌంటు. ఇంకో చోట మలం శాంపిల్ పంపితే పొట్టలో మంచి బ్యాక్టీరియా ఎంత, చెడ్డది ఎంత అని రిపోర్టు ఇచ్చే కిట్టు. దానికీ వేల రూపాయలే.

దీన్ని నవ్వి వదిలేయడం కుదరదు. ఎందుకంటే ఆ వీడియోలో సగం నిజమే. పేగుల్లోని సూక్ష్మజీవులకూ షుగర్‌కూ సంబంధం ఉందని గత పదిహేనేళ్లుగా ప్రపంచంలోని పెద్ద ల్యాబులు చెబుతూనే ఉన్నాయి. మిగతా సగం మాత్రం ప్రమాదం. మెట్‌ఫార్మిన్ వేసుకుంటే కడుపులో తిప్పుతోందని, విరేచనాలవుతున్నాయని బాధపడే అమ్మీలు, నానీలు చాలా ఇళ్లలో ఉన్నారు. 'ఈ మాత్రే పేగుల్ని పాడు చేస్తోంది' అని ఎవరైనా అంటే వాళ్లకు అది తమ అనుభవమే అనిపిస్తుంది. మాత్ర ఆగిపోతుంది, పొడి మొదలవుతుంది. షుగర్ పెరిగినా వెంటనే నొప్పి ఉండదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. కాలి పుండు మానకపోవడమో, కంటిచూపు మసకబారడమో జరిగితేనే విషయం బయటపడుతుంది.

ఎంతమందికి సంబంధించిన విషయం ఇది? భారత వైద్య పరిశోధన మండలి అండతో దేశమంతటా జరిగిన 'ఇండియాబ్' సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి డయాబెటిస్ ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున, అంటే ప్రీడయాబెటిస్ దశలో ఉన్నారని ఆ అధ్యయనం లెక్కగట్టింది. పొడి డబ్బాలు అమ్మేవాళ్లకు ఈ రెండంకెలూ కలిపితే కనిపించేది 23 కోట్ల మంది కస్టమర్లు.

పీచుతో మొదలయ్యే కథ

మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో ఒక అంచనా వచ్చింది. మన సొంత కణాల సంఖ్యకు ఇంచుమించు సమానం. వాటిలో దాదాపు అన్నీ పెద్దపేగులోనే ఉంటాయి. అన్నం, మైదా, చక్కెర లాంటివి చిన్నపేగులోనే అరిగి రక్తంలోకి వెళ్లిపోతాయి కాబట్టి కింద ఉన్న వీటికి పెద్దగా ఏమీ మిగలదు. మిగిలేది పీచు. పప్పుల పొట్టు, జొన్న, రాగి, కూరగాయల నార మన జీర్ణరసాలకు లొంగవు. పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి కొన్ని ఆమ్లాలు తయారు చేస్తాయి. అందులో ముఖ్యమైనది బ్యూటిరేట్. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ప్రధాన ఆహారం అదే.

షుగర్‌తో లింకు ఇక్కడే ఉంది. ఈ ఆమ్లాలు తగిలినప్పుడు పేగు గోడలోని కొన్ని కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను వదులుతాయి. అది క్లోమగ్రంథిని ఇన్సులిన్ విడుదల చేయమంటుంది, ఆకలిని తగ్గిస్తుంది. ఈమధ్య అందరి నోళ్లలో నానుతున్న ఖరీదైన బరువు తగ్గించే ఇంజెక్షన్లు అనుకరించేది ఈ హార్మోన్‌నే. పేగులోంచి వచ్చేది ఆ ఇంజెక్షన్ ముందు చాలా చిన్న మోతాదు, నిమిషాల్లో కరిగిపోతుంది. 'సహజ ఓజెంపిక్' అని అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు. ఇక పీచు అందనప్పుడు కొన్ని బ్యాక్టీరియా పేగు గోడకు రక్షణగా ఉండే జిగురు పొరనే తినడం మొదలుపెడతాయని ఎలుకల మీద ప్రయోగాల్లో కనిపించింది. ఆ పొర పలచబడితే బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి జారి, ఒళ్లంతా సన్నని వాపు లాంటి స్థితి వస్తుందని, ఇన్సులిన్ మాట కణాలు సరిగా వినవని శాస్త్రవేత్తల అంచనా. ఎలుకల్లో ఇది గట్టిగా తేలింది. మనుషుల్లో ఆధారాలు ఉన్నాయి గానీ అంత గట్టివి కావు.

పరిశోధకులను పక్కదారి పట్టించిన మాత్ర

2012లో చైనా శాస్త్రవేత్తలు 345 మంది పేగుల్లోని బ్యాక్టీరియా జన్యువులను చదివి 'నేచర్' పత్రికలో ప్రచురించారు. టైప్-2 షుగర్ ఉన్నవాళ్లలో బ్యూటిరేట్ తయారుచేసే బ్యాక్టీరియా తక్కువగా ఉన్నట్టు తేలింది. మరుసటి ఏడాది యూరప్‌లో 145 మంది మహిళల మీద ఇలాంటి అధ్యయనమే వచ్చింది. షుగర్‌ను గుర్తుపట్టే తేడాలు అక్కడా ఉన్నాయి. కానీ చైనా వాళ్లలో గుర్తుగా కనిపించిన బ్యాక్టీరియా, యూరప్ వాళ్లలో గుర్తుగా కనిపించినవీ ఒకటి కావు. ఎందుకిలా అని అందరూ తలలు పట్టుకున్నారు.

జవాబు 2015లో దొరికింది. డెన్మార్క్, స్వీడన్, చైనాలకు చెందిన 784 శాంపిళ్లను కలిపి చూసినప్పుడు అసలు సంగతి బయటపడింది. అంతకుముందు 'షుగర్ జబ్బు గుర్తులు' అనుకున్న తేడాల్లో చాలావరకు జబ్బు వల్ల వచ్చినవి కావు. రోగులు వేసుకుంటున్న మెట్‌ఫార్మిన్ వల్ల వచ్చినవి! ఎవరు మాత్ర వేసుకుంటున్నారు, ఎవరు వేసుకోవడం లేదు అని విడదీయకుండా లెక్కలు కట్టడంతో వచ్చిన గందరగోళం అది. మాత్ర ప్రభావాన్ని తీసేసి చూశాక కూడా మిగిలిన విషయం ఒకటుంది. బ్యూటిరేట్ తయారుచేసే బ్యాక్టీరియా షుగర్ రోగుల్లో నిజంగానే తక్కువ.

అయితే మెట్‌ఫార్మిన్ పేగులను పాడు చేస్తోందనే కదా దీని అర్థం? కాదు. 2017లో వచ్చిన ప్రయోగం ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పింది. అప్పటిదాకా ఏ షుగర్ మందూ వాడని 40 మందిని తీసుకుని, కొందరికి మెట్‌ఫార్మిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. నాలుగు నెలల తర్వాత మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్ల పేగుల్లోని బ్యాక్టీరియాను, పుట్టినప్పటి నుంచి సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఎక్కించారు. ఆ ఎలుకల ఒంట్లో షుగర్ అదుపు మెరుగైంది. అంటే మాత్ర తెచ్చిన మార్పులో కొంత మేలే చేస్తోంది.

2016లో ఇంకో ఆసక్తికరమైన ఫలితం వచ్చింది. మెట్‌ఫార్మిన్‌ను పేగుల కింది భాగంలో మాత్రమే కరిగేలా తయారుచేసి ఇచ్చారు. రక్తంలోకి చేరిన మందు మామూలు మాత్రతో పోలిస్తే సగం దాకా తగ్గింది. షుగర్ మీద పని మాత్రం దాదాపు అంతే చేసింది. 'మాత్ర పేగులకు శత్రువు' అని వీడియోలు తిప్పేవాళ్లు ఈ ఒక్క ఫలితం ముందు ఏం చెబుతారో చూడాలి. ఆ మాత్ర తన పనిలో పెద్ద భాగం చేస్తున్నది పేగుల్లోనే.

కడుపు తిప్పడం, గ్యాసు, విరేచనాలు అబద్ధమని దీని అర్థం కాదు. అవి నిజమైన ఇబ్బందులే. చాలామందికి మొదటి వారాల్లోనే ఉండి తగ్గిపోతాయి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం, భోజనంతో పాటు వేసుకోవడం, నెమ్మదిగా కరిగే రకానికి మారడం లాంటి దారులు డాక్టర్ల దగ్గర ఉన్నాయి. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 విటమిన్ తగ్గొచ్చు, అరికాళ్లలో తిమ్మిర్లు వస్తే ఆ పరీక్ష అడగాలి. ఇవన్నీ డాక్టర్‌తో రెండు నిమిషాల మాట. కానీ మన ఇళ్లలో పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, విరేచనాల సంగతి డాక్టర్ ముందు చెప్పడానికి సిగ్గుపడతారు. పక్కన కొడుకో అల్లుడో కూర్చుని ఉంటే అసలే చెప్పరు. మాత్ర మానేసిన సంగతి కూడా అలాగే దాగిపోతుంది.

రిపోర్టులో 'చెడ్డ' బ్యాక్టీరియా

ఇక మల పరీక్ష కిట్ల సంగతి. బ్యాక్టీరియా పేర్లను రిపోర్టులో ఎరుపు, పచ్చ రంగుల్లో చూపిస్తారు. ప్రివోటెల్లా అనే బ్యాక్టీరియానే తీసుకుందాం. స్వీడన్‌లో 39 మందికి మూడు రోజులు బార్లీ గింజల రొట్టె పెట్టారు. తర్వాత షుగర్ అదుపు ఎవరిలో మెరుగైందో వాళ్ల పేగుల్లో ప్రివోటెల్లా ఎక్కువగా కనిపించింది. అంటే మంచిది. మరుసటి ఏడాది డెన్మార్క్‌లో 277 మందిని పరీక్షిస్తే, ఇన్సులిన్ సరిగా పనిచేయని వాళ్లలో ఎక్కువగా ఉన్నవాటిలో ప్రివోటెల్లా కోప్రి ఒకటి. అంటే చెడ్డది. రెండూ పేరున్న పత్రికల్లో వచ్చినవే. మన దేశానికొస్తే, భోపాల్, కేరళ ప్రాంతాల్లో ఆరోగ్యంగా ఉన్న 110 మందిని పోల్చిన అధ్యయనం 2019లో వచ్చింది. ధాన్యాలు, పప్పులు ఎక్కువగా తినే భోపాల్ వాళ్లలో ప్రివోటెల్లాదే రాజ్యం, కేరళ వాళ్లలో వేరే రకాలు ఎక్కువ. ఇలాంటప్పుడు ఒక రిపోర్టు ప్రివోటెల్లా పక్కన ఎర్ర చుక్క పెట్టి, దాని కిందే మందు పొడి పేరు రాస్తే ఆ చుక్కకు ఆధారమేమిటి? పరీక్ష చేసేదీ, మందు అమ్మేదీ ఒకే కంపెనీ అయితే ఆ రిపోర్టును ఇన్‌వాయిస్‌కు ముందుమాటగానే చదువుకోవాలి.

మరి బ్యాక్టీరియానే నేరుగా ఎక్కిస్తే? నెదర్లాండ్స్‌లో ఆ ప్రయత్నమూ జరిగింది. సన్నగా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలంలోని బ్యాక్టీరియాను లావుగా ఉన్న మగవాళ్ల పేగుల్లోకి ట్యూబు ద్వారా పంపారు. ఆరు వారాలకు ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. 18 వారాలకు మళ్లీ మొదటికొచ్చింది. తిండి మారలేదు, కొత్తగా వచ్చిన బ్యాక్టీరియాకు మేత లేదు. ఆసుపత్రిలో ట్యూబు వేసి చేసిన మార్పే నిలవనప్పుడు చెంచా పొడి మీద ఎంత ఆశ పెట్టుకోవాలో లెక్క వేసుకోవచ్చు. అక్కర్‌మాన్సియా అనే బ్యాక్టీరియాను వేడితో చంపి మూడు నెలలు ఇచ్చినప్పుడు ఇన్సులిన్ పనితీరు కొంత మెరుగైనట్టు 2019లో బెల్జియం నుంచి ఒక ఫలితం వచ్చింది. ఆశ కలిగించేదే. కానీ చివరిదాకా ఉన్నవాళ్లు 32 మంది మాత్రమే.

డబ్బా వెనక్కి తిప్పి చూస్తే సంగతి ఇంకా స్పష్టం. మన దేశంలో ఇలాంటి పొడులు, క్యాప్సూల్స్ చాలావరకు న్యూట్రాస్యూటికల్స్ కేటగిరీలో అమ్ముతారు. లేబుల్ మీద 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అని రాయాలని ఆహార భద్రతా సంస్థ నిబంధన. ముందు వైపు షుగర్ మాట, వెనక వైపు ఇది మందు కాదన్న మాట. క్యాప్సూల్ అయితే మన వాళ్లు చూడాల్సింది ఇంకోటి ఉంది. చాలా క్యాప్సూల్ తొడుగులు జెలటిన్‌తో చేస్తారు. ఏ జంతువు జెలటిన్ అన్నది డబ్బా మీద ఉండకపోవచ్చు. పచ్చ చుక్క ఉంటే తొడుగు శాకాహారమని అర్థం.

దస్తర్‌ఖాన్ మీద లెక్క

పీచు మాటకొద్దాం. 2018లో 'సైన్స్' పత్రికలో వచ్చిన చైనా ప్రయోగం ఈ మొత్తం చర్చలో బలమైన ఆధారాల్లో ఒకటి. 43 మంది షుగర్ రోగులు పాల్గొన్నారు. అందరికీ ఒకే మాత్ర. కొందరికి మామూలు డైట్ సలహా, మిగతావాళ్లకు ధాన్యాలు, ఇతర దినుసులతో రకరకాల పీచు ఎక్కువగా ఉన్న ఆహారం. 12 వారాల తర్వాత మూడు నెలల సగటు షుగర్, అంటే హెచ్‌బీఏ1సీ, 7 కంటే కిందికి దిగినవాళ్లు మామూలు డైట్ గుంపులో 50 శాతం, పీచు గుంపులో 89 శాతం. మాత్ర ఎవరూ మానలేదన్నది గమనించాలి. పీచు దానికి తోడైంది, అంతే.

పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ప్లేటులో ఎంత ఉంది? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. మైదాలోనూ అంతే. గోధుమ పిండి, రాగి, సజ్జల్లో 11 గ్రాముల చొప్పున ఉంటుంది, జొన్నల్లో 10. నల్ల శనగల్లో ఏకంగా 25.

ఈ అంకెలతో ఒక దావత్ ప్లేటు లెక్క వేస్తే కళ్లు తిరుగుతాయి. బిర్యానీ, రుమాలీ రోటీ, చికెన్, చివర్లో డబుల్ కా మీఠా. బియ్యం, మైదా, మాంసం, బ్రెడ్డు. పెద్దపేగులోని జీవాలకు ఆ పూట ఉపవాసమే. ఆ ప్లేటులో వాటికి పనికొచ్చేది బగారా బైంగన్ ఒక్కటే. నువ్వులు, పల్లీలు, వంకాయ అన్నీ పీచే. దాన్ని మనం చెంచాడు వేసుకుని పక్కన పెడతాం!

నిజానికి మన వంటింట్లో పీచు లేకపోలేదు. శనగపప్పు, సొరకాయ వేసిన దాల్చా ఉంది. చుక్కకూర, గోంగూర గోష్త్ ఉన్నాయి. రాయలసీమ వైపు మన ఇళ్లలో రాగి సంగటి, తెలంగాణ ఊళ్లలో జొన్నరొట్టె మొన్నమొన్నటిదాకా రోజూ ఉన్నవే. పట్నం వచ్చాక, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక అవి 'గరీబుల తిండి' అయి దస్తర్‌ఖాన్ మీంచి దిగిపోయాయి. రాత్రి అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు, ఒక కప్పు శనగల కూర పెడితే 15 గ్రాముల పీచు తేలిగ్గా దాటుతుంది. ఖర్చు చూస్తే ప్రోబయోటిక్ డబ్బా ధరలో నెల సరుకు వస్తుంది.

ఒక్కసారిగా పెంచితే మాత్రం కడుపు ఉబ్బరం, గ్యాసు ఖాయం. అలవాటు లేని పేగులకు రెండు మూడు వారాలు టైమివ్వాలి, నీళ్లు ఎక్కువ తాగాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పప్పులు, రాగులు పెంచేముందు డాక్టర్‌ను అడగాల్సిందే. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు, మోతాదు సరిచూసుకోవాలి. ఇక పెరుగు సంగతి. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు పెరుగు లాంటి పులిసిన ఆహారాలు పది వారాలు ఎక్కువగా పెడితే బ్యాక్టీరియా రకాలు పెరిగి, రక్తంలో వాపు గుర్తులు తగ్గాయని 2021లో చూపించారు. ఇంట్లో తోడేసిన పెరుగుకు చక్కెర కలపనంతవరకు వంక పెట్టడానికేమీ లేదు.

రోజా, ఇఫ్తార్, యాంటీబయాటిక్

రంజాన్ గురించి అడిగేవాళ్లు ఎక్కువ. రోజా ఉన్న నెలలో బ్యూటిరేట్ తయారుచేసే కుటుంబానికి చెందిన బ్యాక్టీరియా పెరిగినట్టు చైనాలోని ముస్లిం యువకుల మీద జరిగిన ఒక అధ్యయనంలో 2021లో కనిపించింది. నెల అయిపోయి మామూలు తిండికి వచ్చాక ఆ మార్పు పోయింది. రోజాతో షుగర్ నయమవుతుందని దీన్ని పట్టుకుని చెప్పడం తొందరపాటు. ఇఫ్తార్‌లో ఏం తింటున్నామన్నదీ లెక్కే. ఖర్జూరం తర్వాత ఉడికించిన శనగలు, పళ్లు వస్తే ఒక దారి, సమోసాలు, మిర్చీ బజ్జీలు, రూహఫ్జా వస్తే ఇంకో దారి. హలీమ్‌లో గోధుమ, పప్పులు ఉన్నాయి కదా అంటే ఉన్నాయి. గంటల కొద్దీ దంచి పేస్టు చేశాక అవి త్వరగానే అరిగిపోతాయి, పైన తేలే నెయ్యి లెక్క వేరే. సెహరీలో బార్లీ జావ మంచి ఎంపిక. తల్బీనాగా హదీసుల్లో పేరున్నదే, స్వీడన్ వాళ్లు రొట్టెలో పెట్టిన గింజే. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు రోజాకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌ను కలిసి వేళలు, మోతాదులు మార్చించుకోవాలని అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. చాలామంది చాంద్ రాత్ రోజున ఫోన్ చేస్తారు.

పేగులోని జీవాలకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఎక్కడ తగులుతుందో పొడి కంపెనీల వీడియోలు చెప్పవు. అది గల్లీ మెడికల్ షాపులో. జలుబుకూ, గొంతు నొప్పికీ చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనడం, రెండు రోజులకే ఆపేయడం మన దగ్గర మామూలైపోయింది. జలుబు వైరస్, దాని మీద ఆ మందు పనిచేయదు. చావాల్సింది చావదు, పేగులో బతకాల్సినవి చస్తాయి. డెన్మార్క్‌లో 1.7 లక్షల మంది షుగర్ రోగుల మందుల రికార్డులను మామూలు జనంతో పోల్చి 2015లో ఒక అధ్యయనం వచ్చింది. యాంటీబయాటిక్ కోర్సులు ఐదు, అంతకు మించి వాడినవాళ్లలో టైప్-2 షుగర్ అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లు కనిపించింది. మందు వల్లే షుగర్ వచ్చిందా, లేక రాబోయే షుగర్ వల్ల ఇన్ఫెక్షన్లు వచ్చి మందు ఎక్కువ వాడారా అన్నది ఆ అధ్యయనం తేల్చలేదు. డాక్టర్ రాసిన కోర్సు మానేయాలని దీని అర్థం కాదు, అది పూర్తి చేయాల్సిందే. అడగాల్సింది చీటీ లేకుండా కొన్న స్ట్రిప్ గురించి. ఎన్నో రకాల యాంటీబయాటిక్స్‌ను 2014 నుంచి హెచ్1 షెడ్యూల్‌లో పెట్టారు. వాటిని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిదీ షాపులో రిజిస్టర్‌లో రాయాలి. ఆ స్ట్రిప్ మీద ఎర్ర అంచున్న పెట్టెలో హెచ్చరిక ఉంటుంది, కొనేటప్పుడు కళ్లకు కనిపించేంత పెద్దగానే.

ఇంట్లో ఎవరైనా ఇప్పటికే పొడి మొదలుపెట్టి ఉంటే గొడవ పడాల్సిన పని లేదు. మాత్ర కూడా వేసుకుంటున్నారా అని నెమ్మదిగా అడిగి, స్ట్రిప్‌లో మిగిలినవి ఒకసారి లెక్కపెట్టి, హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించాలి. అందులో గడిచిన మూడు నెలలూ కనిపిస్తాయి, సరిగ్గా ఆ పొడి కోర్సు నడిచినంత కాలం.